దుప్పటికి అవతలి కొస

మా వదిన గురించి చెప్పాలంటే ముందు దుప్పటి మడతపెట్టడం గురించి చెప్పాలి. ఇంట్లో పొద్దున్నే లేచి ఎలాగోలా చుట్టి మూలన పడేసే దుప్పటి కాదు నేను చెప్పేది. పెద్ద హోటల్లో, ఇద్దరు పడుకునే మంచానికి పరిచే తెల్ల దుప్పటి. ఆవిరి రోలర్ల కిందనుంచి అరచేతులు చురుక్కుమనేంత వేడిగా బయటికొస్తుంది. ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుని, నాలుగు చేతులూ తలకంటే పైకెత్తి, ఒక్క విదిలింపు విదిలించి, అందులోని గాలి దిగేలోపు అంచుకి అంచు కలపాలి. చేతులు పైకి లేవకపోతే దుప్పటి మధ్యలో జారి నేలకి తగులుతుంది. తగిలిందంటే మళ్ళీ ఉతుక్కి పోవాల్సిందే. ఆ హోటలు లాండ్రీలో పదకొండేళ్లు ఒక కొస నాది, అవతలి కొస మా వదినది.

ఆమె మా అన్నయ్య భార్య. అన్నయ్య పోయి ఆరేళ్లయింది. ఆయన పోయాక మేమిద్దరం ఒకే ఇంట్లో ఉండాలని ఎవరూ చెప్పలేదు, ఉండకూడదనీ చెప్పలేదు. ఆమె నన్ను పొమ్మనలేదు, నేను పోలేదు. రెండు గదుల వాటా, మూడో అంతస్తు, వంటింటి కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ. మాట్లాడే పని నాది, వినే పని ఆమెది. పదకొండేళ్లు దుప్పటికి ఆ చివరనుంచి నా వాగుడంతా విని, ఎప్పుడైనా పెదవి చివర నవ్వేది. ఆ నవ్వు కోసమే నేను అంత వాగేదాన్నని ఇప్పుడనిపిస్తుంది.

లాండ్రీలో నన్నందరూ 'మెలిక' అంటారు. ఎవరేమన్నా ఆ మాటకి ఇంకో అర్థం లాగడం నా జబ్బు. మా సూపర్వైజరు పేరు మాలో ఎవరికీ పట్టదు, 'గడియారం' అనే అంటాం, ఎందుకంటే మా మొహాలకంటే గోడ గడియారాన్నే ఎక్కువ చూస్తాడు. ఆయనొచ్చి "ఏమ్మా, నీళ్ళు వదిలారా?" అని అడిగితే, నేను "ఎప్పుడో వదిలేశాం సార్, మీరు మారతారన్న ఆశకి" అనేదాన్ని. అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. నవ్వించే నోరని మురిసిపోయేదాన్ని. ఈ నోరే కొంప ముంచుతుందని అప్పుడు తెలియదు.

వదిన పడింది ఒక సోమవారం ఉదయం. తడి తువ్వాళ్ల బండి తోసుకుంటూ వస్తుంటే కాలు జారి, కుడి చెయ్యి కింద పడేట్టు పడింది. భుజం దగ్గర ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల ప్లేటు బిగించారు. నెల్లాళ్లు చెయ్యి మెడకి కట్టుకుని తిరిగింది. గడియారం చూడటానికి వచ్చి, మంచం పక్కన నిలబడి, ఇక్కడ కూడా గోడ వైపు గడియారం కోసం వెతికి, చివరికి అసలు మాట అన్నాడు.

"నాలుగు నెలలు నీ చోట ఎవర్నీ పర్మినెంటుగా పెట్టను. ఈలోగా చెయ్యి తలపైకి లేస్తే నీ కొస నీదే. లేవకపోతే మాత్రం నేను చెయ్యగలిగిందేం లేదమ్మా."

వదిన తల ఊపింది. ఆయన వెళ్ళాక, ఎడమ చేత్తో దుప్పటి మొహం మీదికి లాక్కుని చాలాసేపు అలాగే పడుకుంది. ఆ మనిషికి ఆ పని తప్ప బయట మరో ప్రపంచం లేదు. మిగతావాళ్ళు జీతం కోసం వచ్చేవాళ్ళు, వదిన మడత కోసం వచ్చేది. మేం పేర్చిన దొంతరలో ఒక్క దుప్పటి అంచు బయటికొచ్చినా పది దుప్పట్లు విప్పి మళ్ళీ పేర్చేది.

కట్టు విప్పాక మంగళవారం, శుక్రవారం ఆసుపత్రిలో వ్యాయామానికి రమ్మన్నారు. అక్కడొక లేడీ డాక్టరు. మేము వ్యాయామం డాక్టరమ్మ అనేవాళ్ళం. సన్నగా ఉండేది కానీ చేతుల్లో బలం మామూలుది కాదు. రోగి తనంతట తాను ఎంత ఎత్తినా, చెయ్యి ఆగిపోయిన చోటునుంచి మరో జానెడు పైకి ఆమే పట్టి సాగదీయాలి. ఆ జానెడే అసలు వైద్యం. ఇంట్లో చేసుకోవడానికి నాలుగు వ్యాయామాలు చెప్పింది. వాటిలో ఒకటి, గోడకి ఎదురుగా నిలబడి వేళ్లని ఒకదాని తర్వాత ఒకటి పైకి నడిపించడం. వదిన దానికి చీమనడక అని పేరు పెట్టింది. ఎంతవరకు వెళ్తే అక్కడ పెన్సిలుతో గీత గీయాలి.

"రోజూ ఒకేలా ఉండదమ్మా," అంది డాక్టరమ్మ. "బుద్ధి పుట్టని రోజులొస్తాయి. ఆ రోజు పదిసార్లు చెయ్యొద్దు. ఒక్కసారి చెయ్, చాలు. కానీ ఆ ఒక్కసారి మాత్రం వదలకు. ఒక రోజు వదిలితే భుజం మూడు రోజులు వెనక్కి పోతుంది."

మొదట్లో గీతలు బాగానే పైకెక్కాయి. వంటింటి గోడ మీద నా ఛాతీ ఎత్తునుంచి గడ్డం ఎత్తుకి, అక్కడినుంచి కళ్ళ ఎత్తుకి. నేను పనినుంచి రాగానే చెప్పులు విప్పకుండానే వెళ్లి గీత చూసేదాన్ని. ఆ తర్వాత ఆగిపోయాయి. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు. కుట్లు వేసిన చోట ఒక మూల చీము పట్టింది. జ్వరం వచ్చింది. డ్రెస్సింగ్ చేసే నర్సు మందులిచ్చి, "ఇది మానకపోతే మళ్ళీ తీసుకురావాలి, నేనే ఫోన్ చేసి కనుక్కుంటా" అని నా నంబరు రాసుకుంది. వారానికి చీము ఆగిపోయింది, పుండు ఎండింది, కానీ వదిన మాత్రం లేవలేదు. పొద్దున నేను వెళ్లేటప్పుడు గోడ వైపు తిరిగి పడుకుని ఉండేది, సాయంత్రం వచ్చేటప్పటికీ అలాగే ఉండేది. మంగళవారం ఆసుపత్రికి వెళ్లలేదు. శుక్రవారమూ వెళ్లలేదు.

నాకు భయమేసింది. నాకు భయమేస్తే కోపం రూపంలోనే బయటికొస్తుంది. మొదట బతిమాలాను. తర్వాత దెప్పాను. పైగా ఇంట్లో వింత ఒకటి జరుగుతోంది. టీ పొడి డబ్బా ఎప్పుడూ పొయ్యి పక్కనే ఉండేది. రోజూ నేను వచ్చేసరికి అది పై అరలో, నా కళ్ళకంటే కాస్త ఎత్తులో ఉండేది. నేను విసుక్కుంటూ కిందికి దించేదాన్ని. మర్నాటికి మళ్ళీ పైకి ఎక్కేది. జ్వరంతో ఉన్న మనిషికి ఇదేం పిచ్చి అనుకున్నాను. ఎందుకని అడిగితే చెప్పేదేమో. అడగకుండా అరిచాను.

ఆ సోమవారం ఉదయం గుమ్మంలో నిలబడి నోటికొచ్చిందల్లా అన్నాను.

"నీ చెయ్యి నాకొద్దు వదినా, నీకు కావాలి! చేస్తే చెయ్, లేకపోతే మానెయ్! పూర్తిగా మానెయ్! రోజూ నీ కాళ్ళు పట్టుకుని బతిమాలే ఓపిక నాకు లేదు."

ఆమె గోడ వైపునుంచి తిరగలేదు. నేను తలుపు దడాల్న వేసి వెళ్ళిపోయాను.

ఆ మధ్యాహ్నమే లాండ్రీలో నా ఫోను మోగింది. రోలర్లు తిరుగుతున్నాయి, ఉతికే యంత్రాలు మూడూ ఒకేసారి నీళ్ళు పిండుతున్నాయి. ఫోను చెవికి ఆనించి, రెండో చెవి మూసుకుని, బట్టల బండ్ల మధ్యకి వెళ్ళాను. ఆసుపత్రినుంచి అన్న మాట వినపడింది. తర్వాత ఏదో గరగర. ఆ తర్వాత ఒక ఆడమనిషి గొంతు, విసుగ్గా, "మానిందా?"

నర్సు ఫోన్ చేస్తానంది కదా. పుండు గురించి గుర్తుపెట్టుకుని మరీ అడుగుతోందే అని పొంగిపోయాను.

"ఆ, మానిందండీ! పూర్తిగా మానింది!" అని అరిచాను.

"ఇక రావట్లేదా?"

చీము గురించి అనుకున్నాను. "రావట్లేదండీ. నాలుగు రోజులనుంచి అసలు రావట్లేదు."

"సరే అయితే, రాసేస్తున్నా" అంది. నేను ధన్యవాదాలు కూడా చెప్పాను.

మన భాషలో పుండూ మానుతుంది, వైద్యానికొచ్చే ఆడమనిషీ మానుతుంది. చీమూ రాదు, రోగీ రాదు. రెండింటికీ ఒకే మాట. ఇరవై ఏళ్లుగా ప్రతి మాటకీ రెండో అర్థం వెతికిన నాకు, ఆ ఒక్క రోజు రెండో అర్థం తట్టలేదు.

మర్నాడు మంగళవారం. నేను పనికి వెళ్ళాక వదిన లేచింది. ఎవరూ లేపకుండానే లేచింది. స్నానం చేసి, ఎడమ చేత్తో గుండీలు పెట్టుకుని, మూడంతస్తులు దిగి, రెండు బస్సులు మారి ఆసుపత్రికి వెళ్ళింది. వ్యాయామం గది బయట బల్ల మీద గంటన్నర కూర్చుంది. ఆమె తర్వాత వచ్చినవాళ్ళందర్నీ పిలిచారు, ఆమెని పిలవలేదు. లేచి వెళ్లి అడిగితే గుమాస్తా రిజిస్టరు తిప్పి చూసి, ఆమె పేరు మీద గీసిన ఎర్ర గీత చూపించింది.

"మీరు మానేశారుగా. నిన్న ఫోన్ చేస్తే మీ ఇంట్లోవాళ్ళే చెప్పారు. మీ చోటు వేరేవాళ్ళకి ఇచ్చేశాం. మళ్ళీ కావాలంటే కొత్త చీటీ రాయించుకోండి. రెండు నెలలు పడుతుంది."

సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి వదిన వంటింట్లో నిలబడి ఉంది. లేచి తిరుగుతోందని సంబరపడి ఏదో జోకు వెయ్యబోయాను.

"ఆసుపత్రివాళ్ళకి ఏం చెప్పావే?" అంది.

"ఏముంది, మానిందని చెప్పా."

ఆమె నా మొహంలోకి చూసింది. "నిజంగానే చెప్పావన్నమాట. నేనింకా ఆ గుమాస్తా అబద్ధమాడుతోందనుకున్నా."

ఏం జరిగిందో ఆమె పొడిపొడిగా చెప్పింది.

"పుండు వదినా! పుండు మానిందని చెప్పాను! నర్సు అడుగుతోందనుకున్నా. రావట్లేదా అంటే చీము అనుకున్నా!"

వదిన నవ్వింది. పదకొండేళ్లు నేను ఎదురుచూసిన నవ్వు కాదు అది. "నిన్ను మెలిక అని ఊరికే అనలేదే. పొద్దున మానెయ్ మానెయ్ అని అరిచావు. మధ్యాహ్నానికి వాళ్ళతో మానిందన్నావు. ఇప్పుడేమో పుండు అంటున్నావు. మాటని అటూ ఇటూ తిప్పడం నీకు నేర్పాలా?"

"ఒట్టు వదినా."

"వద్దులే. నేను మానలేదే. అది మాత్రం తెలుసుకో." గోడ వైపు చూపించింది. "ఒక్క రోజు కూడా మానలేదు."

దగ్గరికి వెళ్లి చూశాను. గీతలు పైకి ఎక్కలేదు, నిజమే. కానీ ఆగిపోయిన చోటే, ఒకదాని మీద ఒకటి, పన్నెండు సన్నటి గీతలున్నాయి. అన్నీ కలిసి ఒకే లావు గీతలా కనపడి, నేను దూరంనుంచి చూసి పాత గీతే అనుకున్నాను. జ్వరం ఉన్న రోజు కూడా, కళ్ళు తెరవబుద్ధి కాని రోజు కూడా లేచి ఒక్క చీమనడక నడిపించి, గీత గీసి, మళ్ళీ వెళ్లి పడుకుంది. టీ పొడి డబ్బా కూడా అందుకే. వ్యాయామం చెయ్యాలంటే మనసొప్పదు, కానీ టీ లేకుండా ఉండలేదు. టీ కావాలంటే కుడి చెయ్యెత్తక తప్పకూడదని ఎడమ చేత్తో దాన్ని పై అరలో పెట్టుకునేది. నేను రోజూ సాయంత్రం దాన్ని కిందికి దించుతూ వచ్చాను. నా తెలివి తగలెయ్య!

ఆసుపత్రికి పరిగెత్తాను. గుమాస్తా వినలేదు. డాక్టరమ్మ కనికరించింది కానీ ఆమె ముందు ముప్ఫైమంది ఉన్నారు. వరండాలో నిలబడి మూడు నిమిషాలు నా చేతినే పట్టుకుని, ఎక్కడ పట్టాలో, ఎంత సాగదీయాలో చూపించింది. "రోజూ మీరు చెయ్యండి. అరుస్తుంది. భయపడొద్దు" అంది.

ఇంటికొచ్చి వదిన ముందు కూర్చుని, "చెయ్యి ఇలా ఇవ్వు వదినా" అన్నాను.

"నీ చెయ్యి వద్దు."

అరవలేదు, ఏడవలేదు. మామూలుగా, నీళ్ళు వద్దన్నట్టు అంది. ఎన్నిసార్లు అడిగినా ఆ మూడు మాటలే. తనకి తానే చేసుకుంది. కానీ ఆ ఆఖరి జానెడు ఎవరికి వాళ్ళు సాగదీసుకునేది కాదు.

నాలుగు నెలలు నిండాయి. వదిన లాండ్రీ యూనిఫాం వేసుకుని నాతోపాటు వచ్చింది. లోపలికి రాగానే పాత వాసన, సబ్బూ ఆవిరీ కాలిన బట్టా కలిసిన వాసన, గట్టిగా పీల్చుకుంది. తన చోట నిలబడింది. రోలర్ల కిందనుంచి దుప్పటి వచ్చింది. చెరో కొస పట్టుకున్నాం. ఎత్తాం.

ఆమె ఎడమ చెయ్యి నిటారుగా లేచింది. కుడి చెయ్యి చెవి దాకా వచ్చి ఆగింది. నేను ఆమె మొహం చూశాను. పళ్ళు బిగించి, మెడ నరాలు ఉబ్బి, భుజాన్నే కాదు, మొత్తం ఒంటిని పక్కకి వంచి చేతిని పైకి నెడుతోంది. లేవడం లేదు. నేను నా ఎడమ చెయ్యి కొంచెం దించాను, ఎదురుగా ఉన్న ఆమె కుడి చేతికి సమానంగా. దుప్పటి నేలకి తగలకుండా ఎలాగో అంచులు కలిపాం. రెండోది. మూడోది.

"నువ్వెందుకు దించుతున్నావ్?" గడియారం నా వెనకే నిలబడి ఉన్నాడు. మొదటిసారి గోడ వైపు చూడలేదు.

"అలవాటు తప్పింది సార్..."

"మడత చూడు." దుప్పటి అందుకుని విప్పి చూపించాడు. ఒక అంచు రెండో అంచుకంటే బెత్తెడు బయటికొచ్చి ఉంది. ఆయన్ని తిట్టుకుందామన్నా వీలు లేదు, ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది. "కింద ఏరే పని ఖాళీ ఉందమ్మా. చేతులు పైకెత్తక్కర్లేదు. చేస్తావా?"

నేను నోరు తెరిచేలోపే వదిన "చేస్తాను సార్" అంది.

కింద అంటే నేలమాళిగ. గదులనుంచి వచ్చే మురికి దుప్పట్లు గొట్టంలోంచి అక్కడ పడతాయి. రబ్బరు చేతొడుగులు వేసుకుని వాటిని వేరు చెయ్యాలి. రక్తం ఉన్నవి ఒక డబ్బాలో, వాంతులు ఉన్నవి ఒక డబ్బాలో, మామూలు మురికివి మరో డబ్బాలో. కిటికీ లేదు. నడుం వంచిన మనిషి సాయంత్రం దాకా వంచే ఉండాలి. మడతలో వెంట్రుకవాసి తేడాని భరించలేని మనిషి అక్కడ ఎవరెవరి మురికినో ఏరుతూ నిలబడింది. నా అవతలి కొసకి ఒక పొడుగాటి పిల్ల వచ్చింది. బాగా పనిచేస్తుంది, నా మాటలకి తెగ నవ్వుతుంది. నాకు దాని నవ్వు వినాలనిపించదు.

ఇక వదిన వ్యాయామం ఆపేస్తుందనుకున్నాను. దేనికోసం చెయ్యాలి? చోటు పోయింది. పోయిన చోటు మళ్ళీ రాదు. రాయించుకున్న కొత్త చీటీ మీద ఆసుపత్రిలో వంతు వచ్చాక వెళ్ళింది. బిగుసుకున్నది చాలామటుకు అలాగే ఉంటుందనీ, ఏ కొంచెమో సడలుతుందనీ డాక్టరమ్మ చెప్పింది. అయినా వదిన ఆపలేదు. నేలమాళిగనుంచి వంగిపోయిన నడుంతో వచ్చి, ఒళ్ళు కదలనని మొరాయించే రోజున కూడా, కూర్చునే ముందే గోడ దగ్గరికి వెళ్ళేది. పదిసార్లు కుదరకపోతే ఐదు, ఐదు కుదరకపోతే ఒకటి. ఆ ఒకటి మాత్రం తప్పదు. కొన్ని రోజులు కళ్ళనుంచి నీళ్ళు కారుతూనే ఉండేవి, వేళ్లు మాత్రం పైకి నడుస్తూనే ఉండేవి.

ఒక రోజు ఉండబట్టలేక అడిగాను. "ఇంకా ఎందుకు వదినా ఇంత బాధ? ఎవరికి చూపించాలి?"

"పనుంది" అంది.

నాకు అర్థం కాలేదు. చేతకాని పనుల్ని ఆమె ఒక్కొక్కటిగా ఎడమ చేతికి నేర్పేసుకుంది. అన్నం తినడం, తలుపు తీయడం, గుండీలు పెట్టుకోవడం. ఒక్కటి మాత్రం ఒంటి చేత్తో అయ్యేది కాదు. జడ. నా చెయ్యి వద్దన్న మనిషి రోజూ పొద్దున నా ముందు వీపు పెట్టి కూర్చోక తప్పేది కాదు. నేను దువ్వుతుంటే కదలకుండా, ఊపిరి బిగబట్టి, సూది గుచ్చించుకుంటున్నట్టు కూర్చునేది. నాకు మాత్రం రోజంతటిలో ఆమెని తాకే సమయం అదొక్కటే. చిక్కు లేకపోయినా కాసేపు ఎక్కువ దువ్వేదాన్ని. అక్కడైనా ఏదో ఒకనాడు కరుగుతుందని ఆశ.

పోయిన గురువారం పొద్దున నేను దువ్వెన తీసుకుని ముందు గదిలోకి వచ్చేసరికి వదిన అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. జడ వేసుకుని ఉంది. పాయలు ఎగుడుదిగుడుగా, ఒక పక్కకి ఒరిగి, మెడ దగ్గర వెంట్రుకలు సగం బయటే ఉన్న జడ. నుదురంతా చెమట. ఎంతసేపు కష్టపడిందో, ఎప్పుడు లేచిందో.

"వదినా! చెయ్యి లేచింది!" అన్నాను. నిజంగానే సంతోషం ముంచుకొచ్చింది. "ఆగు, కొంచెం వంకరగా ఉంది, సరిచేస్తా."

"అక్కర్లేదు," అంది. "ఇందుకోసమే చేశాను."

తలుపు నెమ్మదిగా దగ్గరికి వేసి మెట్లు దిగి వెళ్ళిపోయింది. మూడంతస్తులూ ఆమె అడుగుల చప్పుడు వింటూ నిలబడ్డాను. ఆ తర్వాత నేనూ పనికి బయల్దేరాను, ఆమెకి పది అడుగులు వెనకగా.